లిగూరియాలో చూడాల్సింది సముద్రం కాదు

ఇటలీలో లిగూరియా తీరాన చింక్వె తెర్రె అని పిలిచే ఐదు ఊళ్ళున్నాయి. వాటిలో ఒకటైన మనరోలా రేవు దాటి చిన్న మలుపు తిరిగితే ఒక రెయిలింగు వస్తుంది. ఇటలీ తీరం అని గూగుల్లో కొడితే ముందు వచ్చే బొమ్మ అక్కడి నుంచి తీసిందే. నల్లటి బండ, దాని మీద ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కినట్టు గులాబీ, పసుపు, ఇటుక రంగు ఇళ్ళు, కింద నీలం నీళ్ళు. వేసవిలో అక్కడ నిలబడడానికి చోటు దొరకదు. వచ్చినవాళ్ళు ఫొటో దిగుతారు, జెలాటో తింటారు, రైలెక్కి పోతారు. మన దగ్గర్నుంచి వచ్చే ప్యాకేజీ టూర్లలో ఫ్లోరెన్సుకీ మిలానుకీ మధ్య ఈ ఊళ్ళకి దక్కేది మహా అయితే ఒక పూట.

మా బావమరిది అలాగే వచ్చాడు. పుట్టిందీ పెరిగిందీ విశాఖలో. రెయిలింగు పట్టుకుని కాసేపు చూసి, "ఏమనుకోకు బావా, కొండా సముద్రమూ పక్కపక్కనే ఉండడం మాకేమన్నా కొత్తా? భీమిలి రోడ్డులో రోజూ చూసేదేగా" అన్నాడు. మా ఆవిడ వాడి వైపు గుర్రుగా చూసింది గానీ, వాడు అన్నదాంట్లో తప్పేముంది? సముద్రం కోసమే అయితే ఇంత దూరం రావక్కర్లేదు. ఇటలీలోనే కావాలనుకుంటే పూల్యాకో సార్దీన్యాకో పోవాలి. ఇక్కడున్న ఐదు ఊళ్ళలో చెప్పుకోదగ్గ ఇసుక బీచి ఉన్నది మోంతెరోస్సోలో ఒక్కటే. మిగతా చోట్ల బండల మీద తువ్వాలు పరుచుకుని పడుకోవడమే.

అదే ఫొటోని మళ్ళీ ఒకసారి తీసి చూడండి. ఇళ్ళ వెనక, కొండ మీద, అడ్డంగా సన్నటి బూడిదరంగు గీతలు కనిపిస్తాయి. నేను మాట్లాడాలనుకున్నది వాటి గురించి. అవి గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. ఆ గోడ లేకపోతే ఆ వాలు మీద మట్టి నిలవదు. మట్టి లేకపోతే ద్రాక్ష లేదు, ద్రాక్ష లేకపోతే ఆ ఊరు అక్కడ పుట్టే అవసరమే లేదు. టూరిజం కరపత్రాలు 'ప్రకృతి అందాలు' ఒక పక్కన, 'సాంస్కృతిక ఆకర్షణలు' ఇంకో పక్కన వేసి పెడతాయి. చింక్వె తెర్రె కొండల్ని ఆ రెండిట్లో ఎందులో వేయాలో నాకైతే అర్థం కాదు. ఆ కొండకి ఆ ఆకారం ఇచ్చింది మనుషులు. దాన్ని ప్రకృతి అని పిలిచి, ఆ మనుషుల పనిని లెక్కలోంచి తీసేస్తున్నామని నా గొడవ.

ముందు కొంచెం భూగోళం. ఇటలీ మ్యాపులో పైన, ఎడమ పక్కన, ఫ్రాన్సు సరిహద్దు నుంచి తోస్కానా దాకా సముద్రాన్ని చుట్టుకుని విల్లులా వంగిన సన్నటి పట్టీ లిగూరియా. తీరం పొడవు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆల్ప్సు, అపెన్నైన్ కొండలు సూటిగా నీళ్ళ దాకా దిగిపోతాయి కాబట్టి చదునైన నేల అంటూ దాదాపు లేదు. మధ్యలో జెనోవా రేవు. దానికి పడమటి తీరం పొనెంతె, తూర్పు తీరం లెవాంతె. ఆ తూర్పు కొసన, లా స్పెత్సియాకి దగ్గర్లో ఉన్నవే మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె. ఐదూ కలిపి జనం నాలుగు వేలు అటూ ఇటూ. 1997లో యునెస్కో వీటిని పక్కనున్న పోర్తోవేనెరె ఊరితో, దాని ముందున్న మూడు దీవులతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ కింద చేర్చిందో గమనించండి: సాంస్కృతిక భూదృశ్యంగా. 1999లో జాతీయ పార్కు అయింది. ఇటలీ జాతీయ పార్కులన్నిట్లోకీ చిన్నది ఇదే. పార్కు అంటే మనకి పులో జింకో గుర్తొస్తుంది. ఇక్కడ కాపాడుకోవాల్సింది ద్రాక్షతోటల గోడల్ని.

పదకొండో శతాబ్దం నుంచి మొదలుపెట్టి తరతరాలుగా కట్టారు వాటిని. కొండలో ఉన్న ఇసుకరాయినే పగలగొట్టి, వరస పేర్చి, వెనక చిన్న రాళ్ళు నింపి, పైన మట్టి పోసి, ఒక బారెడు వెడల్పు చదును సంపాదించారు. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. అలా కొండ మెట్లు మెట్లుగా మారింది. అన్నీ కలిపితే వేల కిలోమీటర్లు వస్తుందని, చైనా గోడతో పోల్చి చెప్పుకోవడం అక్కడివాళ్ళకి అలవాటు. పోలిక సంగతి పక్కన పెడితే, చైనా గోడకి చక్రవర్తులున్నారు. ఈ గోడలకి చక్రవర్తీ లేడు, శాసనమూ లేదు. కట్టినవాడి పేరు ఎక్కడా లేదు. మగవాళ్ళు భుజాన, ఆడవాళ్ళు నెత్తిన గంపలతో మోశారు.

ఇంకో సంగతి. పోస్టుకార్డుల్లో పడవలు కనిపిస్తాయి కాబట్టి వీళ్ళంతా జాలర్లు అనుకుంటాం. మోంతెరోస్సోలో ఆంచోవీ చేపల వేట, వాటిని ఉప్పులో ఊరవేయడం నిజమే. మిగతా ఊళ్ళవాళ్ళు ప్రధానంగా రైతులు. కోర్నీల్యా అయితే సముద్రం పక్కన కూడా లేదు, వంద మీటర్ల ఎత్తున కొండ కొమ్ము మీద ఉంది. స్టేషన్ నుంచి పైకి దాదాపు 380 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే మినీబస్సు కోసం ఆగండి.

ఆ గోడ ఎలా నిలబడుతుందో నాకు అర్థమైంది కోర్నీల్యా నుంచి వొలాస్త్రా మీదుగా మనరోలా దిగే బాటలో. సముద్రం వెంబడి సాగే పేరున్న దారి కాదిది. పైనుంచి, సరాసరి ద్రాక్షతోటల మధ్య నుంచి పోతుంది. ఒకచోట గోడ రెండు మీటర్ల మేర కూలి, ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని తిరిగి కడుతున్నాడు. చేతిలో సుత్తి తప్ప ఏమీ లేదు. ఒక రాయి తీసుకుంటాడు, అటూ ఇటూ తిప్పి చూస్తాడు, పెడతాడు, అరచేత్తో ఊపి చూస్తాడు. కదిలితే తీసి పక్కన పెట్టేసి ఇంకోటి. రాయి పొడుగు భాగం లోపలికి, మట్టిలోకి పోయేలా పెడుతున్నాడు, బయటికి కనిపించేది చిన్న మొహమే. గోడ మొత్తం కొండ వైపు కొంచెం వాలి ఉంది. మేం చూస్తున్నామని గమనించి, గోడ వెనక దోసిళ్ళతో పోస్తున్న రాతి పెచ్చుల్ని చూపించి, వాన నీళ్ళు వీటిలోంచి దిగి బయటికి వచ్చేస్తాయన్నాడు. సిమెంటు గోడ కడితే నీళ్ళు లోపలే నిలబడి, ఒకనాడు గోడని మొత్తంగా తోసేస్తాయట. ఇది కూలింది మాత్రం వాన వల్ల కాదు. అడవి పందులు వేళ్ళ కోసం తవ్వి రాళ్ళు లాగేశాయి. పందుల గురించి ఆయన వాడిన మాటలు ఇక్కడ రాయలేను.

పొద్దుట్నుంచి ఎంత కట్టారని అడిగితే చేత్తో కొలిచి చూపించాడు. ఒక మీటరు లోపే.

ఈ పనిని, అంటే సున్నం లేకుండా రాతి గోడ కట్టే విద్యని, 2018లో యునెస్కో తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీతో పాటు క్రొయేషియా, గ్రీసు, స్పెయిను లాంటి దేశాలు కలిసి అడిగాయి. జాబితాలో పేరుంది, కట్టే చెయ్యే తగ్గిపోతోంది. దానికి కారణాలు పాతవే. 1860లలో లా స్పెత్సియాలో నౌకాదళ ఆయుధాగారం వచ్చింది, 1874లో జెనోవా నుంచి లా స్పెత్సియా దాకా రైలు వచ్చింది. కొండెక్కి రాళ్ళు మోసేకంటే నెల జీతం మేలు కదా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ద్రాక్ష వేళ్ళని తినేసే ఫిలోక్సెరా పురుగు మిగిలిన తోటల్ని దెబ్బ కొట్టింది. ఇప్పుడు ఐదు ఊళ్ళలోనూ కలిపి సాగులో ఉన్న ద్రాక్ష వంద హెక్టార్ల చుట్టుపక్కల. ఒకప్పుడు దానికి ఎన్నో రెట్లు. పాత తోటల్లో పొదలూ పైన్ చెట్లూ మొలిచాయి. దూరం నుంచి చూసేవాడికి అదంతా పచ్చగా, అందంగా కనిపిస్తుంది. "అబ్బ, ఎంత ప్రకృతి!" అంటాం.

ఆ పచ్చదనం ఏం చేస్తుందో 2011 అక్టోబరు 25న తెలిసింది. కొన్ని గంటల్లోనే అసాధారణమైన వాన కురిసి కొండలు జారాయి. వెర్నాత్సాలో ప్రధాన వీధి మొదటి అంతస్తు దాకా బురదలో కూరుకుపోయింది. ముగ్గురు చనిపోయారు. మోంతెరోస్సో కూడా దెబ్బతింది. అంతటి వానకి ఏ కొండైనా జారుతుంది అనవచ్చు, నిజమే. కానీ తర్వాత పరిశీలించినవాళ్ళు తేల్చిందేమిటంటే, సాగులో ఉన్న మెట్ల కన్నా ఈమధ్య కాలంలో వదిలేసిన మెట్లే ఎక్కువ జారాయి. ఎందుకంటే, చూసేవాళ్ళు లేకపోతే కాలవలు పూడుకుంటాయి, గోడకి పొట్ట వస్తుంది. దాన్ని ఎవరూ సర్దరు. అడవి పూర్తిగా వేళ్ళూనుకునే దాకా ఆ కొండ అటు పొలమూ కాదు, ఇటు అడవీ కాదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న తెలుసు. టూరిస్టులు తెచ్చే డబ్బుతోనే కదా అన్నీ నిలబడుతున్నాయి, ఇంక గొడవేమిటి అని. డబ్బు వస్తున్న మాట నిజం. బాటలకి పార్కు కార్డు అమ్ముతారు, అది బాటల మరమ్మతుకి పోతుంది, మంచిదే. కానీ పెద్ద డబ్బు పోయేది గదుల అద్దెకి, తిండికి. మంచం ఒకటి అద్దెకిస్తే వచ్చేది గోడ పది మీటర్లు కడితే రాదు. ఇంట్లో కుర్రాడు ఏది ఎంచుకుంటాడు? నేనైనా మంచమే ఎంచుకుంటాను. కాబట్టి టూరిజం ఊళ్ళని బతికిస్తోంది, ఊళ్ళు కాపాడాల్సిన కొండని మాత్రం బతికించడం లేదు. రెండూ ఒకటేనని అనుకోవడమే పొరపాటు.

వియా దెల్లామోరె, అంటే 'ప్రేమ బాట', సంగతి చూడండి. రియోమజ్జోరె, మనరోలాల మధ్య కిలోమీటరు కూడా లేని బాట. అసలు 1920లలో రైలు సొరంగం పనులప్పుడు పేలుడు మందు ఊళ్ళకి దూరంగా దాచడం కోసం తొలిచింది. ప్రేమికులు తర్వాత వచ్చారు. 2012 సెప్టెంబరులో రాళ్ళు పడి నలుగురు సందర్శకులు గాయపడడంతో మూసేశారు. కొండకి వలలు, మేకులు కొట్టి తిరిగి తెరిచింది 2024లో. ఖర్చు రెండు కోట్ల యూరోల పైనే. ఇప్పుడు టైము స్లాటు బుక్ చేసుకుని నడవాలి. ఆ బాట తెరవొద్దని నేను అనను. నేను కూడా నడిచాను, బాగుంది. కానీ అందులో కొంత భాగం పైనున్న మెట్ల మీద పెడితే ఎన్ని మీటర్ల గోడ లేస్తుందో ఆ ముసలాయన్ని అడగాలనిపిస్తుంది.

మనలాంటి వచ్చిపోయేవాళ్ళం చేయగలిగింది ఒకటుంది. గోడ మీద పండిన వస్తువు కొనడం. షక్కెత్రా అనే తియ్యటి వైను అక్కడి ప్రత్యేకత. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో అనే మూడు రకాల ద్రాక్షని కోసి, ఎండలో కాకుండా నీడన, గాలి తగిలేలా నవంబరు దాకా ఆరబెట్టి, ముడతలు పడ్డాక గింజలు ఒక్కొక్కటే వలిచి పిండుతారు. వంద కిలోల ద్రాక్షకి ముప్పై లీటర్ల చుట్టుపక్కల వస్తుంది. చిన్న సీసా ధర చూసి గుండె గుభేలుమంటుంది. కోసిన గంపల్ని కొండ దించడానికి పంటి చక్రంతో ఒంటి పట్టా మీద పాకే చిన్న బండి ఉంటుంది. నలభై ఐదు డిగ్రీల వాలు మీద అది దిగుతుంటే చూస్తే ఆ ధర ఎందుకో మీకే తెలుస్తుంది. వైను అలవాటు లేనివాళ్ళకి మోంతెరోస్సో నిమ్మకాయలున్నాయి, ఆలివ్ నూనె ఉంది. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతాలు మాత్రం ఆ కొండ మీద పండవు.

ఇక నా రెండో మాట. రాత్రి బస చింక్వె తెర్రెలో వద్దు, జెనోవాలో పెట్టుకోండి. అక్కడి నుంచి రైల్లో గంటన్నర లోపే. మన టూర్లవాళ్ళు జెనోవాని ఎందుకు వదిలేస్తారో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. రేవు ఊరు, మురికిగా ఉంటుంది, వెనకటి సందుల్లో పట్టపగలు కూడా చీకటే, అవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఐదంతస్తుల ఇళ్ళ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని ఆ సందు చివర ఉన్నట్టుండి పాలరాతి మహలు ప్రత్యక్షమయ్యే ఊరు ఇంకోటి నేను చూడలేదు. పదహారో శతాబ్దంలో జెనోవా బ్యాంకర్లు స్పెయిను రాజుకి అప్పులిచ్చిన కాలంలో కట్టుకున్నవి అవి. అప్పట్లో జెనోవా గణతంత్రం, దానికి రాజూ లేడు, రాజమహలూ లేదు. మరి పరదేశపు రాజులో రాయబారులో వస్తే ఎక్కడ దించాలి? 1576లో ఒక పట్టిక రాసుకున్నారు. ఇళ్ళని హోదాని బట్టి విడగొట్టి, వచ్చిన అతిథి స్థాయిని బట్టి చీటీ తీసి, ఎవరింటి పేరు వస్తే వాళ్ళు ఆతిథ్యం ఇవ్వాల్సిందే. చిత్రకారుడు రూబెన్స్ ఈ ఇళ్ళని చూసి మురిసిపోయి 1622లో వాటి నమూనాల్ని అచ్చు వేయించాడు. వాటిలో 42 ఇళ్ళని 2006లో యునెస్కో గుర్తించింది. ఏడాదిలో కొన్ని రోజులు వాటి తలుపులు జనానికి తెరుస్తారు. ఆ తేదీలకి కుదిరితే ప్రయాణం దానికి తగ్గట్టు మార్చుకోండి.

తిండి కూడా జెనోవాలోనే. పెస్తో అనే ఆకు పచ్చడి ఇక్కడిది. పాలరాతి రోలు, కర్ర బండ. ముందు వెల్లుల్లి, గల్లు ఉప్పు, తర్వాత తులసి జాతి బాజిల్ ఆకులు, పైన్ గింజలు, రెండు రకాల చీజు, చివర్న ఆలివ్ నూనె. మన రోటి పచ్చడి తెలిసినవాళ్ళకి దీని మర్మం వేరే చెప్పక్కర్లేదు. మిక్సీలో వేస్తే ఆకు వేడెక్కి నల్లబడుతుంది, రుచి మారిపోతుంది. ఆకు కూడా ఏదంటే అది కాదు. నగరానికి పడమటనున్న ప్రా పేటలో, సముద్రానికి ఎదురుగా మెట్లు మెట్లుగా ఉన్న గాజు పందిళ్ళలో, మొక్క ఇంకా పిల్లగా ఉండగానే వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టి అమ్ముతారు. ముదిరితే పుదీనా వాసన వస్తుందని వాళ్ళకి భయం. చూశారా, ఇక్కడా మెట్లే, ఇక్కడా వాలే. ఈ పెస్తోని ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, బీన్సు కలిపి త్రోఫియె పాస్తాతో పెడతారు.

శాకాహారులకి ఒక మాట. పెస్తోలో వేసే పార్మిజానో చీజు తయారీలో, పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, నియమమే అది. కాబట్టి పట్టింపు ఉన్నవాళ్ళకి సిసలైన పెస్తో కుదరదు. మా అత్తగారు ఈ సంగతి విని గిన్నె పక్కకి జరిపి, ఫరినాతా రెండు ముక్కలు ఎక్కువ తిన్నారు. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు కరకర, లోపల మెత్తన. "వాము వేసి ఉంటే బాగుండేది" అన్నారావిడ.

తీరంలో మిగతావాటి గురించి గబగబా చెప్తాను. పోర్తోఫీనోకి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, కోటీశ్వరుల పడవలు చూసి కాఫీకి బిల్లు కట్టి రావచ్చు. దాని వెనక కొండ దాటితే వచ్చే సాన్ ఫ్రుత్తువోసో నాకు వెయ్యి రెట్లు నచ్చింది. చిన్న గులకరాళ్ళ ఒడ్డు మీద మధ్యయుగపు మఠం. రోడ్డు లేదు, కాలినడకనో పడవ మీదో చేరాలి. ఒడ్డుకి కొంచెం దూరంలో, పదిహేడు మీటర్ల లోతున, 1954లో దించిన, చేతులు పైకి చాచిన క్రీస్తు కంచు విగ్రహం ఉంది. పోర్తోవేనెరెలో బండ అంచున నల్లా తెల్లా చారల చర్చి ఒకటి, ఎదురుగా ఇంగ్లీషు కవి షెల్లీ చివరి రోజులు గడిపిన అఖాతం. 1822 జూలైలో లివోర్నో నుంచి తెరచాప పడవలో లెరిచి వైపు వస్తూ తుపానులో చిక్కుకుని మునిగిపోయాడు, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పడమటి తీరంలో సాన్రెమో పాటల పోటీలకీ పూలకీ పేరు. సరిహద్దు దగ్గర లా మోర్తొలాలో, షాంఘైలో వ్యాపారం చేసి డబ్బు గడించిన థామస్ హాన్బరీ అనే ఇంగ్లీషాయన 1867 నుంచి పెంచిన తోట ఉంది. ప్రపంచంలో నలుమూలల చెట్లూ ఆ వాలు మీద ఉన్నాయి. చేత్తో చేసిన ప్రకృతి అని నేనంటున్నదానికి ఇంకో సాక్ష్యం.

అయితే ఈ వాదన ఒకచోట నిలవదు, అది కూడా చెప్పాలి. నీళ్ళలో. పడమటి తీరంలో కొండ నిటారుగా దిగినట్టే సముద్రం అడుగు కూడా నిటారుగా దిగిపోతుంది. ఒడ్డు నుంచి కాస్త దూరం పోతే చాలు, లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది. అడుగునుంచి పోషకాలున్న చల్లటి నీళ్ళు పైకి రావడంతో రొయ్యలాంటి క్రిల్ పుష్కలం, దాన్ని తినడానికి తిమింగలాలు వస్తాయి. నీలి తిమింగలం తర్వాత అతి పెద్దదైన ఫిన్ తిమింగలం మధ్యధరాలో ఎక్కువగా కనిపించే చోట్లలో ఇది ఒకటి. ఇటలీ, ఫ్రాన్సు, మొనాకో కలిసి 1999లో ఒప్పందం చేసుకుని, సుమారు 87,500 చదరపు కిలోమీటర్ల నీటిని పెలాగోస్ అభయారణ్యంగా ప్రకటించాయి. జెనోవా నుంచి వేసవిలో పడవలు వెళ్తాయి. సరుకు ఓడలూ ఫెర్రీలూ అదే దారిలో వేగంగా పోతూ తిమింగలాల్ని గుద్దడం అక్కడి పెద్ద సమస్య. చూద్దామని పోయే పడవల్లో కూడా దూరం పాటించేవాళ్ళ దగ్గరే టికెట్టు కొనండి.

మిలానులో, తోరినోలో చదువుకునే మన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఎప్పుడు వెళ్ళాలని. ఏప్రిల్ మొదట్లోనో, సెప్టెంబరు చివర్లోనో, అదీ వారం మధ్యలో. సెప్టెంబరైతే ద్రాక్ష కోతలు కూడా కళ్ళబడతాయి. జూలై, ఆగస్టు ఆదివారాలు వదిలేయండి, రైల్లో కాలు పెట్టలేరు. చెప్పులతో బాట ఎక్కొద్దు, జరిమానా వేస్తారు, వేయకపోయినా జారతారు. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే ముందు రోజు రాత్రి లిగూరియా వాన హెచ్చరిక ఏ రంగులో ఉందో చూసుకోండి. పసుపు అయితే వెళ్ళాలా వద్దా ఆలోచించుకోండి. నారింజో ఎరుపో అయితే బాటలు మూసేస్తారు. ఆ రోజు జెనోవా సందుల్లో తిరగండి.